కార్బన్ స్టీల్ పెనం ఎనిమిది నెలలు వాడాక: ఇంతకీ ఇది ఇనుమా, ఉక్కా?

నా పాత బీడు పెనం, అదే ఇప్పుడందరూ క్యాస్ట్ ఐరన్ అంటున్నారే అది, కడుగుతుంటే సబ్బు చేతుల్లోంచి జారి నేల మీద పడింది. పడటం పడటమే రెండు ముక్కలు. సొట్ట పడలేదు, వంగలేదు, పింగాణీ ప్లేటు పగిలినట్టు పగిలి ఊరుకుంది. అంత బరువున్న ఇనుప సామాను అలా పగులుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. మా తమ్ముడైతే "ఇనుము విరగడం ఏంటక్కా, నీకెవరో నకిలీది అంటగట్టుంటారు" అన్నాడు. నకిలీ కాదు, అసలు సిసలు క్యాస్ట్ ఐరనే, అది అలాగే విరుగుతుంది. విరిగిన చోట చూస్తే ఇనుప ఊచ కోసినచోట కనిపించే మెరుపు లేదు, బూడిద రంగులో పటికబెల్లం ముక్క విరిచినట్టు పలుకులు పలుకులుగా ఉంది. ఆ ముక్కలు అటక మీద పెట్టి, దాని బదులు ఈసారి కార్బన్ స్టీల్ పెనం తీసుకున్నా. ఎనిమిది నెలల నుంచి రోజూ వాడుతున్నా, తిట్టడానికైనా పొగడటానికైనా ఇప్పుడు హక్కు వచ్చినట్టే.

ముందు నాకు చిరాకు తెప్పించిన సంగతి చెప్పేస్తా. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో "కార్బన్ స్టీల్" అని ఉంది, పక్కనే స్టిక్కర్ మీద "ఐరన్ పాన్" అని ఉంది, లోపల మడత కాగితంలో ఏమో "స్వచ్ఛమైన ఇనుముతో తయారైంది" అని ఉంది. ఒకటే పెనం, మూడు మాటలు. తమ్ముడు అది చూసి "అంతా ఇనుమే, పేర్లు మార్చి అమ్ముకుంటున్నారు" అని తేల్చేశాడు. వాడి మాటలో సగం నిజం ఉంది, ఎందుకంటే మూడింట్లోనూ తొంభై శాతం పైన ఉండేది ఇనుమే. మిగతా ఆ కొంచెంలోనే ఉంది అసలు కథంతా.

తేడా ఎక్కడంటే కార్బన్ దగ్గర. ఉక్కు అనాలంటే అందులో కార్బన్ సుమారు 2 శాతానికి లోపు ఉండాలి, వంగే రేకులకీ ఊచలకీ వాడేది అయితే 0.25 శాతం కూడా దాటదు, వెల్డింగ్ షాపుల్లో ఎం.ఎస్., అంటే మైల్డ్ స్టీల్, అంటారు కదా అది ఈ కోవలోదే. 0.3 నుంచి 0.6 దాకా అయితే మధ్యరకం, దానిపైన అయితే హై కార్బన్, కత్తులూ స్ప్రింగులూ ఉలులూ ఇక్కడివి. క్యాస్ట్ ఐరన్ దగ్గరకి వచ్చేసరికి కార్బన్ 2 దాటి 4 శాతం వరకు పోతుంది, తోడుగా సిలికాన్ ఒకటి నుంచి మూడు శాతం దాకా ఉంటుంది. అంటే పేరులో కార్బన్ పెట్టుకున్నది కార్బన్ స్టీల్, కడుపులో కార్బన్ పెట్టుకున్నది క్యాస్ట్ ఐరన్. నేను కూర్చుని లెక్క కూడా వేశా: నా కొత్త పెనం 1 కేజీ 300 గ్రాములు, అందులో కార్బన్ 1 శాతం ఉందని దండిగా అనుకున్నా 13 గ్రాములే, మామూలు రేకు ఉక్కు అయితే రెండు మూడు గ్రాములకి మించదు. పాత పెనం 2 కేజీల 300 గ్రాములు, దాంట్లో 3.3 శాతం అనుకుంటే 75 గ్రాములు దాటింది. పేర్లు పెట్టినవాళ్ళు మనతో ఆడుకున్నారా అనిపిస్తుంది.

ఆడుకోలేదులెండి, కారణం ఉంది. స్టీల్ అనగానే స్టెయిన్‌లెస్ గుర్తొస్తుంది కదా, దాంట్లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అందుకే తుప్పు పట్టదు. అలాంటి వేరే లోహాలేవీ చెప్పుకోదగ్గంత కలపకుండా, గట్టిదనం కోసం కార్బన్ మీదే ఆధారపడ్డ సాదా ఉక్కుని విడిగా చెప్పాలి కాబట్టి కార్బన్ స్టీల్ అన్నారు. "కార్బన్ ఎక్కువున్న స్టీల్" అని కాదు, "కార్బన్ మాత్రమే ఉన్న స్టీల్" అని చదువుకుంటే సరిపోతుంది (కొంచెం మాంగనీస్ లాంటివి ఉంటాయి, అవి లెక్కలోకి రావు).

ఇంకో తిరకాసు ఏంటంటే, ఉక్కు చెయ్యడమంటే ఇనుములో కార్బన్ కలపడం అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని, కానీ పెద్ద ఎత్తున జరిగేది దీనికి రివర్సు. కొలిమిలో బొగ్గుతో కలిపి ఖనిజం కరిగించినప్పుడు బయటకొచ్చే ఇనుము అప్పటికే బొగ్గులోంచి కార్బన్ పీల్చేసి 4 శాతం దాకా నింపుకుని ఉంటుంది. అందులోంచి కార్బన్ని కాల్చి తీసేస్తే ఉక్కు. 1856లో బెస్సెమర్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇదే, కరిగిన ఇనుములోకి కిందనుంచి గాలి ఊదితే లోపలి కార్బన్ మండిపోతుంది, ఆ మంట వేడికే ఇనుము ఇంకా కాగుతుంది, వేరే ఇంధనం అక్కర్లేదు. అంతకుముందు ఉక్కు అంటే కత్తులకీ పనిముట్లకీ కొంచెం కొంచెంగా దొరికే ఖరీదైన సరుకు, కట్టడాలకి ఇనుమే గతి. ఇంగ్లండులో 1779లో కట్టిన ఐరన్ బ్రిడ్జ్ పోత ఇనుము, అంటే క్యాస్ట్ ఐరన్, 1889 నాటి ఐఫిల్ టవర్ చేత ఇనుము. చేత ఇనుమంటే కార్బన్ దాదాపు అంతా తీసేసి, మిగిలిన చిట్టెం పీచులు పీచులుగా లోపల ఉండిపోయిన మెత్తటి ఇనుము, సుత్తితో ఎలా కొడితే అలా వంగుతుంది. మన భాషలో ఇనుము వేరు, ఉక్కు వేరు అని రెండు మాటలు ఎప్పట్నుంచో ఉన్నాయి, అయినా మనమే "ఇనుప సామాను" అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం.

ఆ కాగితంలో రాసిన "స్వచ్ఛమైన ఇనుము" మాటకొస్తే, అది నిజమైతే నేను ఆ పెనం కొనేదాన్నే కాదు. స్వచ్ఛమైన ఇనుము మెత్తగా ఉంటుంది, ఎలక్ట్రికల్ పరికరాల్లో కోర్లకి పనికొస్తుంది గానీ వంటింట్లో కాదు. ఇనుములో పరమాణువులు వరసలు వరసలుగా పేర్చినట్టు ఉంటాయి, బలం పడితే ఒక వరస ఇంకోదాని మీద జారుతుంది, అందుకే వంగుతుంది. కార్బన్ పరమాణువు చిన్నది, ఆ సందుల్లో దూరి కూర్చుంటుంది, మిగిలింది ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి పదార్థంగా సన్నటి పొరలు కడుతుంది, ఇక వరసలు జారాలంటే కష్టం. ఇలా కొంచెం కార్బన్ వల్ల బలం వస్తుంది, వంగే గుణం పోదు. అదే కార్బన్ 3, 4 శాతం అయితే ఇనుములో ఇమడలేక, పక్కనున్న సిలికాన్ ప్రోత్సాహంతో గ్రాఫైట్‌గా విడిపోయి లోపలంతా సన్నటి రేకులుగా పరుచుకుంటుంది. గ్రాఫైట్ అంటే పెన్సిల్లో ఉండేదే. దానికి బలం ఎక్కడుంటుంది, ప్రతి రేకూ ఒక చీలిక కిందే లెక్క. పైనుంచి నొక్కితే క్యాస్ట్ ఐరన్ ఎంత బరువైనా మోస్తుంది, వంచినా లాగినా దెబ్బ తగిలినా ఆ రేకుల వెంబడి పగుళ్ళు పరిగెడతాయి. నా పాత పెనం విరిగినచోట కనిపించిన ఆ బూడిద రంగు ఈ గ్రాఫైట్ వల్లే, అందుకే దాన్ని గ్రే క్యాస్ట్ ఐరన్ అంటారు.

మరి అంత పెళుసుదాన్ని ఎందుకు వాడతారంటే పోత పొయ్యడానికి దాన్ని మించింది లేదు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, కార్బన్ 4.3 శాతం ఉంటే 1150 దగ్గరే కరిగి నీళ్ళలా పారుతుంది. ఇసుక అచ్చులో పోస్తే మూలమూలలకీ చేరుతుంది, పెనం, పిడి, నూనె ఒంపే మూతి అన్నీ ఒకే ముక్కలో వచ్చేస్తాయి. కార్బన్ స్టీల్ పెనం అలా కాదు, రోలింగ్ చేసిన రేకుని గుండ్రంగా కోసి ప్రెస్‌లో పెట్టి ఒక్క గుద్దు గుద్దితే పెనం ఆకారం వస్తుంది, తర్వాత పిడి బిగిస్తారు. క్యాస్ట్ ఐరన్‌ని అలా గుద్దితే మా వంటింట్లో జరిగిందే జరుగుతుంది.

ఇంత సుత్తి ఎందుకు కొడుతున్నానంటే, పెనం వాడేటప్పుడు మనకి తెలిసే తేడాలన్నీ మందం దగ్గర నుంచి వచ్చేవే, ఆ మందాన్ని నిర్ణయించేది ఈ కార్బనే. పెళుసు కాబట్టి క్యాస్ట్ ఐరన్ పల్చగా చేస్తే నిలవదు, పైగా అంత పల్చటి అచ్చులో పోత పొయ్యడం కూడా కష్టం, కాబట్టి నాలుగైదు మిల్లీమీటర్లు ఉండాల్సిందే. ఉక్కు సాగుతుంది కాబట్టి ఒకటిన్నర, రెండు, మహా అయితే మూడు మిల్లీమీటర్లలో తయారైపోతుంది. నా కొత్తది రెండు మిల్లీమీటర్లు. రెండు పెనాలూ అడ్డంగా 26 సెంటీమీటర్లే, బరువులో మాత్రం సరిగ్గా ఒక కేజీ తేడా. పాతది రెండు చేతులతో ఎత్తేదాన్ని, ఇది ఒక చేత్తో ఎత్తి లోపలున్నది గిన్నెలోకి ఒంపుకుంటున్నా. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకి ఇది ఒక్కటే చాలు కొనడానికి.

వేడి సంగతి. పాత పెనం కాగడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టేది, ఇది మూడు నిమిషాల్లో సిద్ధం. మంట తగ్గిస్తే కూడా వెంటనే మాట వింటుంది, పాతది మంట ఆపేశాక కూడా ఇంకో ఐదు నిమిషాలు తన పని తను చేసుకుపోయేది, ఉల్లిపాయలు ఎన్నిసార్లు మాడ్చుకున్నానో. దీన్నిబట్టి ఉక్కు వేడిని బాగా పాకిస్తుందని అనుకోకండి, సాదా ఉక్కూ క్యాస్ట్ ఐరనూ వేడిని పాకించే విషయంలో ఇంచుమించు ఒకటే, రెండూ అల్యూమినియం ముందు దిగదుడుపే, అది వీటికంటే నాలుగు రెట్లు పైనే. కేజీకి కేజీ చూస్తే దాచుకునే వేడి కూడా సమానమే. తేడా అంతా బరువుది. రెండు కేజీల పైన ఉన్నది ఎక్కువ వేడి దాచుకుంటుంది, అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసం ముక్క వేసినా పాత పెనం చెక్కుచెదరదు, కొత్తదాంట్లో వేస్తే చుయ్‌మన్న శబ్దం కాసేపటికి నీరసించి నీళ్ళు ఊరడం మొదలవుతుంది. కాబట్టి పెద్ద ముక్కలు ఎర్రగా కాల్చుకోవడానికి నా ఓటు ఇప్పటికీ క్యాస్ట్ ఐరన్‌కే. "క్యాస్ట్ ఐరన్ అంతటా సమానంగా కాగుతుంది" అనే మాట మాత్రం నమ్మకండి, చిన్న బర్నర్ మీద పెడితే మధ్యలో భగభగ, అంచుల దగ్గర గోరువెచ్చన, కార్బన్ స్టీల్ కూడా ఈ విషయంలో అంతే, రెండింటినీ సన్నమంట మీద నిదానంగా కాగనివ్వాలి.

ఇక నూనె పట్టించే కథ, ఇక్కడ నేను మొదటి వారం ఏడ్చినంత పని అయింది. కొత్త కార్బన్ స్టీల్ పెనానికి తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో మైనం లాంటి పూత పూసి పంపుతారు, అది పోవాలంటే వేడినీళ్ళు, సబ్బు, పీచు పెట్టి గట్టిగా తోమాలి. నేను పైపైన తోమి పొయ్యి మీద పెట్టేశా, ఇల్లంతా పొగ, ఏదో ప్లాస్టిక్ కాలిన కంపు. మళ్ళీ దించి మొదట్నుంచీ తోముకున్నా. తర్వాత ఖాళీ పెనం మంట మీద పెడితే చూడాలి ఆ రంగులు, ముందు లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, 300 డిగ్రీల దగ్గరకి వచ్చేసరికి నెమలి మెడలా నీలం. అది రంగు కాదు, ఇనుము గాలితో కలిసి కట్టిన అతి పల్చటి ఆక్సైడ్ పొర, పొర మందం మారేకొద్దీ కాంతి వేరేలా కనిపిస్తుంది. పెనానికి పెద్దగా ఒరిగేది ఏమీ లేకపోయినా ఆ ఐదు నిమిషాలూ నేను కదల్లేదు అక్కడ్నుంచి.

ఆ తర్వాత నూనె. ఎక్కువ పోస్తే మంచిది అనుకుని ధారాళంగా పూశా, చల్లారాక చూస్తే జీడి అంటుకున్నట్టు జిగటజిగటగా మచ్చలు. అసలు పద్ధతి ఏంటంటే నూనె ఒక చుక్క రాసి, తప్పయింది అసలు రాయకూడదు అన్నట్టు మొత్తం తుడిచెయ్యాలి, కంటికి కనపడనంత మిగిలితే చాలు, దాన్ని పొగ వచ్చేదాకా కాలిస్తే నూనె కాస్తా ప్లాస్టిక్ లాంటి గట్టి పొరగా మారి లోహానికి అతుక్కుంటుంది, అలా మూడు నాలుగు సార్లు. అవిసె నూనె రాయమని చాలామంది చెప్తారు, పొర గట్టిగా అద్దంలా వస్తుంది నిజమే, కానీ నాకు నెల తిరక్కుండా పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. మామూలు వంటనూనె బెటర్. ఇక్కడ కూడా క్యాస్ట్ ఐరన్‌తో తేడా ఉంది, ఇసుక అచ్చులోంచి వచ్చింది కాబట్టి దాని ముఖం గరుగ్గా ఉంటుంది, నూనె పొర పట్టుకోవడానికి ఆసరా దొరుకుతుంది. రేకు నున్నగా ఉంటుంది, పొర త్వరగా కూర్చోదు, మొదటి రెండు నెలలూ మచ్చలమచ్చలుగా చూడ్డానికి గజ్జి పట్టినట్టు ఉంటుంది. భయపడొద్దు, అది వాడేకొద్దీ సర్దుకుంటుంది. ఒకసారి సర్దుకున్నాక ఆ నున్నదనమే వరం, మూడో నెల చివర్లో గుడ్డు వేస్తే పెనం ఊపగానే జారింది, పాత పెనం మీద అన్నేళ్ళలో అలా ఒక్కసారి కూడా జరగలేదు.

సర్దుకుంది కదా అని టమాటాలు వేసి అరగంట ఉడికించా. అంతే, నల్లటి పొర మధ్యలో గుండ్రంగా లేచిపోయి కింద బూడిద రంగు ఉక్కు కనపడింది, కూరలో ఇనుప వాసన. టమాటా, నిమ్మరసం, వెనిగర్, ఏ పులుపైనా ఇంతే. క్యాస్ట్ ఐరన్‌కీ ఇదే జబ్బు ఉంది గానీ ఏళ్ళ తరబడి పేరుకున్న పొర కాబట్టి తట్టుకునేది. పులుపు వంటకి రెండూ కాదు, స్టెయిన్‌లెస్ తీసుకోండి.

తుప్పు విషయంలో రెండూ తోడుదొంగలే. క్రోమియం లేదు కాబట్టి కాపాడేది ఆ నూనె పొర ఒక్కటే. ఒక రాత్రి సింకులో నీళ్ళతో వదిలేశా, తెల్లారి ఎర్రగా పొడి. తోమి, ఆరబెట్టి, మళ్ళీ నూనె పట్టిస్తే మామూలైపోయింది, పావుగంట పని. సబ్బు తగిలితే పొర పోతుందనే భయం అక్కర్లేదు, గిన్నెలు తోమే మామూలు సబ్బుతో గబుక్కున కడిగేసుకోవచ్చు, నానబెట్టకూడదు అంతే. కడిగాక గుడ్డతో తుడిచి ఒక నిమిషం పొయ్యి మీద పెట్టడం ఇప్పుడు అలవాటైపోయింది.

అసలు పెద్ద దెబ్బ ఐదో నెలలో తగిలింది. ఇండక్షన్ స్టవ్ మీద పెట్టి తొందర్లో ఫుల్ పవర్ నొక్కా, రెండు నిమిషాలకి "టక్" మని శబ్దం, పెనం మధ్యలో పైకి ఉబ్బింది. ఇండక్షన్‌లో వేడి పుట్టేది కాయిల్ ఎంత మేర ఉందో అంత మేర మాత్రమే, మధ్య భాగం వ్యాకోచిస్తుంది, చుట్టూ చల్లటి అంచు దాన్ని కదలనివ్వదు, ఇక పైకో కిందకో పోవాలి తప్ప దారి లేదు. ఎంత వ్యాకోచమని లెక్కేస్తే 20 సెంటీమీటర్ల అడుగు 200 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు, అంతే, కానీ రెండు మిల్లీమీటర్ల రేకు ఉబ్బడానికి అది చాలు. అప్పట్నుంచి నూనె అంచులకి పారిపోతుంది, గాజు స్టవ్ మీద పెడితే గిరగిరా తిరుగుతుంది. మందంగా ఉన్న క్యాస్ట్ ఐరన్ ఇలా ఉబ్బదు, ఇది దాని గొప్పే. కాకపోతే దాన్ని బాగా కాలినప్పుడు చన్నీళ్ళ కింద పెట్టారంటే పగిలే ప్రమాదం ఉంది. ఉక్కుని వేడి దెబ్బ కొడితే వంగుతుంది, బీడుని కొడితే పగులుతుంది, ఏది కావాలో తేల్చుకోండి. అన్నట్టు కంపెనీ కస్టమర్ కేర్‌కి చెప్తే "ఇది వాడకంలో లోపం, వారంటీ రాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇండక్షన్‌కి పనికొస్తుందని డబ్బా మీద బొమ్మ వేశారు, సన్నగా మొదలుపెట్టాలని ఎక్కడా రాయలేదు, ఒక మార్కు అక్కడే కట్.

అయితే ఇక్కడే ఉక్కు గొప్పదనం కూడా చూశా. తెలిసిన వెల్డర్ ఒకాయన దగ్గరకి తీసుకెళ్తే, చెక్క దిమ్మ మీద బోర్లించి, చెక్క సుత్తితో పది దెబ్బలు వేసి, "ఇప్పుడు చూడమ్మా" అని బల్ల మీద పెట్టాడు, నూటికి తొంభై పాళ్ళు సర్దుకుంది. విరిగిన బీడు పెనాన్ని అతుకుతారా అని అడిగితే నవ్వాడు. బీడుని వెల్డింగ్ చెయ్యాలంటే ముందు మొత్తం కాచాలి, వేరే రకం రాడ్ వాడాలి, నిదానంగా చల్లార్చాలి, లేదంటే అతికిన పక్కనే మళ్ళీ పగులుతుంది, "ఆ ఖర్చుకి కొత్తది వస్తుంది, వదిలెయ్యమ్మా" అన్నాడు.

ఆయన దగ్గరే ఇంకోటి నేర్చుకున్నా, అయస్కాంతం పెట్టి ఉక్కా బీడా తేల్చలేం, రెండూ అంటుకుంటాయి. గరిటెతో కొట్టి వినాలి, ఉక్కు రేకు గంటలా ఖంగుమంటుంది, బీడు "ఠప్" మంటుంది, లోపలున్న గ్రాఫైట్ రేకులు ఆ కంపనాన్ని మింగేస్తాయి. పెద్ద పెద్ద మిషన్ల దిమ్మలు క్యాస్ట్ ఐరన్‌తో చేసేది కూడా అందుకేనట, అదురు తెలీదు. గ్రైండర్ పెడితే ఇంకా బాగా తెలుస్తుంది: తక్కువ కార్బన్ ఉక్కు పొడుగ్గా తిన్నటి రవ్వలు విసిరింది, ఒక పాత ఆకురాయి హై కార్బన్ కాబట్టి మతాబులా చిట్లింది, నా విరిగిన పెనం ముక్క పెడితే ఎర్రగా పొట్టిగా నాలుగు రవ్వలు రాలి ఊరుకుంది. ఆ పావుగంటలో నాకు తెలిసింది ఆ మడత కాగితం పది సార్లు చదివినా తెలిసేది కాదు.

చిన్న చిన్నవి గబగబా. పిడి పొడుగ్గా పల్చగా ఉంది, పాతదానంత త్వరగా కాలదు, ఇది నిజంగా హాయి. మూడు రివెట్లు ఉన్నాయి లోపలివైపు, వాటి చుట్టూ జిడ్డు పేరుకుంటుంది, టూత్‌బ్రష్ పెట్టి తొయ్యాలి. మొత్తం ఓవెన్‌లో పెట్టొచ్చు. రెండుసార్లు కింద పడింది, ఒకసారి అంచు కొంచెం వంగింది, చేత్తోనే లాగేశా.

కార్బన్ స్టీల్ కత్తి ఉన్నవాళ్ళు ఒకటి గమనించండి, పేరు ఒకటే కదా అని పెనమూ కత్తీ ఒకటే సరుకు అనుకోకండి. కత్తిలో కార్బన్ 0.6 శాతం పైన ఉంటుంది, దాన్ని 800 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్ళలోనో ముంచుతారు, కార్బన్ బయటకి పోవడానికి టైం దొరక్క అక్కడే ఇరుక్కుపోతుంది, దాంతో ఉక్కు గాజంత కఠినంగా అవుతుంది, తర్వాత సన్నటి వేడి మీద కొంచెం నెమ్మదింపజేస్తారు. పెనానికి ఇవేవీ చెయ్యరు, దానికి పదునుతో పనేముంది. అందుకే పెనాన్ని 300 డిగ్రీలకి కాల్చి నీలం రంగు చూసి మురిసిపోయినట్టు కత్తిని కాల్చారంటే దాని పదును నిలవదు. (చేశాను. కూరగాయల కత్తి. ఇప్పుడు కవర్లు కత్తిరించుకుంటున్నా.)

ఎవరు కొనాలంటే, గ్యాస్ మంట ఉన్నవాళ్ళు, బరువు ఎత్తలేనివాళ్ళు, మంట పెంచుతూ తగ్గిస్తూ వండేవాళ్ళు, ఒక రెండు నెలలు ఓపిక పట్టగలిగినవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోండి. ఇండక్షన్ ఒక్కటే ఉన్నవాళ్ళు రెండున్నర మిల్లీమీటర్లకి తగ్గొద్దు, మూడు అయితే ఇంకా మంచిది, బరువు పెరుగుతుంది గానీ నాలా ఉబ్బించుకోరు. పెద్ద ముక్కలు కాల్చుకునేవాళ్ళు, పెనం ఒకచోట పెట్టి కదపనివాళ్ళు క్యాస్ట్ ఐరన్‌తోనే ఉండండి, నేల మీద పడెయ్యకుండా చూసుకుంటే చాలు. కొనేముందు మందం ఎంతో అడగండి, చాలా డబ్బాల మీద అది తప్ప అన్నీ రాస్తారు.

పెనానికి ఐదుకి నాలుగు, ఆ మడత కాగితానికి సున్నా. అటక మీది ముక్కల్లో ఒకటి మొన్న తమ్ముడు వచ్చినప్పుడు కిందకి దించి, గరిటె చేతికిచ్చి, రెండిటి మీదా కొట్టి చూడమన్నా. కొట్టి చూసి, "ఇదేంటక్కా, ఇది మోగట్లేదు" అన్నాడు.